గంజాయి కేసు: జైలుకా, ఆస్పత్రికా?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. నాలుగేళ్లుగా రోజూ గంజాయి తాగుతున్నాడు. ఈమధ్య 180 గ్రాములతో దొరికిపోయాడు. ఇప్పుడు బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. నేరం ఒప్పేసుకుని జరిమానా కట్టేస్తే వదిలిపోతుందని తెలిసినాయన అంటున్నారు. జైలు లేకుండా మాన్పించే దారి ఉందా?
– ఒక అక్క, పర్లాకిమిడి

జవాబు: ఉందమ్మా. కానీ నేరం ఒప్పుకోక ముందే ఆ దారి పట్టాలి. గంజాయి కిలో దాకా ‘స్వల్ప పరిమాణం’ కిందికి వస్తుంది. దానికి ఏడాది వరకు కఠిన కారాగారం, పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలో 64-ఏ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలోనో చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో మానేస్తే అది రద్దు కావచ్చు. 39వ సెక్షన్ వేరు. అది నేరం రుజువయ్యాక వర్తిస్తుంది. వెంటనే శిక్ష వేయకుండా బాండు రాయించుకుని చికిత్సకు పంపుతారు, ఏడాదిలోగా ఫలితం కోర్టుకు చూపాలి. దోషి అన్న ముద్ర మాత్రం ఉండిపోతుంది. అందుకే ముందు 64-ఏ అడగమనండి. జరిమానా కట్టేయమన్న ఆ పెద్దమనిషికి ఇది తెలియదేమో!

వ్యసనం ఉందని చూపించాల్సింది మీరే. బరంపురం ఎంకేసీజీ లాంటి ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. చీటీ మీద ‘నిద్ర పట్టడం లేదు’ అని మాత్రమే రాయించుకొస్తే కోర్టులో దేనికీ పనికిరాదు. ఎన్నేళ్లుగా, రోజుకెంత తాగుతున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. వ్యసనమని తేలితే ఎఫ్12.2 అన్న కోడ్‌తో రాస్తారు. ఆ చీటీ జత చేసి ప్లీడరు పిటిషన్ వేయాలి. డిశ్చార్జి కాగితం చికిత్స పూర్తయినట్టు కాదు, ఆ సర్టిఫికెట్ విడిగా అడగండి. ఉచిత ప్లీడరు కోసం 15100కి ఫోన్ చేయవచ్చు. పాతపట్నం దాటి శ్రీకాకుళంలో చూపిద్దామనుకుంటే ముందు బెయిలు షరతులు చదవండి. జిల్లా దాటకూడదని ఉంటే అనుమతి తీసుకోవాలి.

గంజాయికి బదులుగా ఇచ్చే మందంటూ లేదు. మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, ఆకలి మందగించడం, నిద్రలేమి మొదలై మొదటి వారంలో ముదురుతాయి. రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి, నిద్ర మాత్రం ఇంకొన్నాళ్లు సతాయిస్తుంది. చాలామందికి మంచం అక్కర్లేదు, ఇంట్లో ఉండి వారం వారం ఓపీకి వెళ్తే చాలు. ఇళ్లల్లో గొడవలు వచ్చేది మూత్ర పరీక్ష దగ్గర. రోజూ తాగినవాడికి మానేసిన నెల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. అది చూసి ‘మళ్లీ తాగావు’ అని విరుచుకుపడకండి. మొదటి రోజే ఒక పరీక్ష చేయించి రికార్డులో పెట్టిస్తే తర్వాతి వాటితో పోల్చుకోవచ్చు. జేబులు తడమడం కన్నా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరితో తిరుగుతున్నాడో చూసి ఆ వేళకి ఏదైనా పని పెట్టండి.

ప్రశ్న: మా ఆయన రోజూ నాటుసారా తాగుతారు. మాన్పిద్దామని గదిలో పెట్టి తాళం వేశాం. రెండో రోజుకి చేతులు వణికి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు. భయపడి మళ్లీ పోయించాం.
– గుణుపూర్

జవాబు: సారా గంజాయిలా కాదు. రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మీరు చూసింది దాని ఆరంభమే. ఈసారి ఆస్పత్రిలోనే ఆపించండి. వణుకు తగ్గే మందు మొదలుపెట్టి, కొద్ది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. రోజూ తాగే మనిషని ముందే చెప్పండి, ఎందుకంటే గ్లూకోజ్ సీసా కన్నా ముందు బీ1 పడాలి. ప్రైవేటు కేంద్రంలో చేర్పించే ముందు లోపలి గదులు చూడండి. గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. గుర్తింపున్న కేంద్రాల గురించి 14446లో అడగవచ్చు.