హైదరాబాద్ సిటీ కాలేజీని మొదట హైస్కూలుగానే కట్టారా? పక్కనున్న హైకోర్టుతో ఆ పోలిక ఏమిటి?

అవునండీ, హైస్కూలు కోసం కట్టిందే. అక్కడ డిగ్రీ చదివిన మూడేళ్లలో మొదటి రెండేళ్లు ఆ సంగతి నాకూ తెలియదు. ఆ ఎత్తూ ఆ వరండాలూ చూసి ఏ నవాబుగారి దేవిడీయో కాలేజీకి ఇచ్చేశారనుకునేవాణ్ణి.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఊడ్చేసింది. ఊరిని మళ్లీ తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఆ తర్వాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో నది పక్కన పెద్ద పెద్ద సర్కారీ భవనాలు లేచాయి. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పని చూసిన ఇంగ్లీషు ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్‌ను వీటికోసం ఇక్కడికి పిలిపించారు. ఈ హైస్కూలు, హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషన్, అన్నిట్లోనూ ఆయన చెయ్యి ఉంది. మీకు కనిపించిన పోలిక అదే. 1921లో ఈ బడిలో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి, 1929లో పేరు సిటీ కాలేజీగా మారింది.

పోలిక ఉందిగానీ రెండూ ఒకటి కావు. హైకోర్టులో చూపు గుమ్మటాల మీదా, ఎర్రరాతి చెక్కుడు మీదా ఆగిపోతుంది. మా కాలేజీ దగ్గర చూపు నిలువునా పైకి పోతుంది. దీని శైలికి పర్పెండిక్యులర్ మొఘల్ సారసెనిక్ అని పేరు. పర్పెండిక్యులర్ అన్నది ఇంగ్లండు చర్చిల గోథిక్ పద్ధతుల్లో ఒకటి, నిలువు గీతలదే అందులో పెత్తనం. సారసెనిక్ అంటే ఇస్లామీ కట్టడాల తీరు. ఆ నిలువుతనం మీద మొఘలు కమానులు, బురుజులు తొడిగారన్నమాట. రెండు ఊళ్ల వేషం ఒకే ఒంటి మీద అతుకులేసినట్టు ఉండాలి నిజానికి, ఇక్కడ మాత్రం అలా అనిపించదు. నాకైతే హైకోర్టు కన్నా ఇదే నచ్చుతుంది, చదువుకున్న చోటన్న పక్షపాతం కొంత ఉండొచ్చు.

లోపల కూర్చుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. ఏప్రిల్లో కరెంటు పోయినా గదిలో ఉక్క పెద్దగా తెలిసేది కాదు. ఎండ ముందు వరండాలో పడుతుంది, గది దాకా రాదు. వేడిగాలి ఎత్తైన కప్పు దాకా ఎగిసిపోతుంది, మందపాటి గోడ కాగేసరికే మధ్యాహ్నం అయిపోతుంది. ఆ ఎత్తుతో ఒకటే బాధ, వెనక బెంచీలో వాళ్లకి లెక్చరర్ మాట రెండుసార్లు వినిపించేది!

చూడాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి. ముందు మూసీ మీది నయాపూల్ వంతెన మీద ఆగి ఒక ఒడ్డున ఆసుపత్రినీ మరో ఒడ్డున హైకోర్టునీ చూడండి, తర్వాత కాలేజీకి నడవండి. లోపలికి మాత్రం ఆఫీసులో అడిగే వెళ్లాలి.