సమాధానం: బ్యారేజీ మీద నడక మొదలెట్టగానే ఆయాసం

అక్కా, టైప్ 2 షుగర్ ఉందని, ప్రకాశం బ్యారేజీ మీద నడక మొదలెట్టగానే పిక్కలు బరువెక్కి ఆయాసం వస్తోందని, ఇంట్లోవాళ్లు బద్ధకం అంటున్నారని రాశారు. బద్ధకం కాదండీ. టైప్ 2 షుగర్ ఉన్న చాలామందికి తొలి నిమిషాల్లో కండరాల్లోని సన్నటి రక్తనాళాలు త్వరగా విచ్చుకోవు. దాంతో కండరం ఆక్సిజన్ వాడకాన్ని నిదానంగా పెంచుకుంటుంది, అందుకే ఆ అలసట. సాధనతో ఇది మెరుగవుతుంది, దిగులు పడకండి.

మొదటి పది నిమిషాలూ హాయిగా మాట్లాడుకుంటూ నడవండి, వేగం తర్వాత. వారానికి 150 నిమిషాలు, వరుసగా రెండు రోజులు మానకుండా. ఇన్సులిన్ వాడుతుంటే నడకలో షుగర్ పడిపోవచ్చు, గ్లూకోజ్ దగ్గర ఉంచుకోండి. దుర్గమ్మ కొండ మెట్లు ఇప్పుడే వద్దు. ఛాతీ పట్టేసినా, నడిస్తే పిక్క నొప్పి వచ్చి ఆగితే తగ్గుతున్నా, నడక ఆపి ముందు డాక్టరుకు చూపించండి.