మంత్రగత్తెల వేటకీ, పెట్టుబడికీ లింకేంటి?

ప్రశ్న: యూరప్‌లో మంత్రగత్తెలంటూ ఆడవాళ్లని చంపింది మూఢనమ్మకం వల్లే కదా, స్త్రీవాదులు పెట్టుబడిదారీ విధానాన్ని మధ్యలోకి ఎందుకు లాగుతారు?

జవాబు: కాలం చూడండి. వేట బాగా ముదిరింది 1560-1650 మధ్య, అంటే మధ్యయుగం దాటాక. ఇంగ్లండ్‌లో ఊరుమ్మడి భూములకి ఆసాములు లాభం కోసం కంచెలు వేసుకుంటూ, పెట్టుబడిదారీ విధానం మొదలవుతున్న రోజులవి, పశువుల మేతకీ వంటచెరకుకీ వాటినే నమ్ముకున్న పేద వితంతువులు ఇరుగుపొరుగు ముందు చెయ్యి చాచాల్సి వచ్చింది. 1566లో చెల్మ్స్‌ఫర్డ్ పట్టణంలో ఉరితీసిన ఆగ్నెస్ వాటర్‌హౌస్ అలాంటి పేద వితంతువే. వెన్న అడిగితే పొరుగావిడ లేదందట, ఆ కోపంతో ఆగ్నెస్ మంత్రం వేసి పొరుగావిడ పెరుగు పాడైపోయేలా చేసిందన్నది ఒక ఆరోపణ! స్త్రీవాద రచయిత్రి సిల్వియా ఫెడెరిచి ఇంకో అడుగు ముందుకేసి, ఆడవాళ్ల శరీరాన్నీ కాన్పునీ పెట్టుబడికి కావలసిన కూలీలని కని ఇచ్చే పనిగా మార్చడానికే ఈ భయం పనికొచ్చిందంటారు. అన్ని ప్రాంతాలకీ ఇది సరిపోదు గానీ, చంపబడిన సుమారు 40-50 వేలమందిలో ఎక్కువమంది ఆడవాళ్లే ఎందుకున్నారో ఒక్క మూఢనమ్మకంతో తేలదు.