సింగపూర్ ఆఫర్ వచ్చింది.. బాబు ఇంటర్, నా వ్యాపారం ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మావారికి 42 ఏళ్లు. సింగపూర్‌లో నెలకు 11 వేల సింగపూర్ డాలర్ల జీతంతో ఐటీ ఉద్యోగం వచ్చింది. బాబు పదో తరగతి పాసయ్యాడు, ఎంబీబీఎస్ చేయాలని పట్టుదల. పాప నాలుగో తరగతి. నేను కొత్తవాడ జంపఖానాలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఖర్చులు పోను నెలకు 45 వేల రూపాయల దాకా మిగులుతుంది. అందరం వెళ్లిపోయి, వ్యాపారం కూడా అక్కడికే మార్చుకోవచ్చా?
- ఒక తల్లి

జవాబు: మీవారు వెళ్లొచ్చు. బాబు ఈ రెండేళ్లు కదలకూడదు. వ్యాపారం అసలే కదలకూడదు.

ముందు బాబు సంగతి. తెలంగాణలో కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీటుకు స్థానికుడిగా లెక్కకు రావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలి. 2024లో తెచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగం కోసం విదేశం వెళ్లినవారికి లేదు. బాబు సింగపూర్‌లో సీబీఎస్ఈ ప్లస్ టూ చదివితే నీట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నా ఇక్కడ నాన్‌లోకలే. కాకతీయ మెడికల్ కాలేజీ ఇంటి పక్కనే ఉన్నా, రాష్ట్ర కోటాలో స్థానికులకు కేటాయించిన సీటు అడిగే హక్కు పోతుంది. ఇక ముఖ్యంగా మిగిలేది ఆలిండియా కోటా 15 శాతం, కాదంటే ప్రైవేటు కాలేజీల్లో మేనేజ్‌మెంట్, ఎన్ఆర్ఐ కోటాల ఫీజులు. నిబంధన చూసేది విద్యార్థి చదివిన చోటును. కాబట్టి నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంచినా సరిపోతుంది.

ఇక ఆఫర్. ఉద్యోగానికి ఎంప్లాయ్‌మెంట్ పాస్ (అక్కడ పనిచేసే అనుమతి) కావాలి. 2025 జనవరి నుంచి ఫైనాన్స్ కాని రంగాల్లో దీనికి కనీస జీతం 5,600 డాలర్లు. వయసుతో పాటు పెరుగుతూ 45 ఏళ్లకు 10,700 అవుతుంది. 42 ఏళ్లకు దాదాపు పదివేలు. మొదటి పాస్ సాధారణంగా రెండేళ్లకే ఇస్తారు, రెన్యువల్ నాటికి మీవారికి 44 వస్తాయి. అంటే ఇప్పుడున్న 11 వేలలో వెసులుబాటు తక్కువ. పైగా లెక్కలోకి తీసుకునేది ప్రతినెలా మారని జీతాన్నే. ఆ 11 వేలలో బోనస్, ఇన్సెంటివ్ ఎంత ఉందో కాగితం మీద రాయించుకోండి. ప్రాథమిక ఆమోదం చేతికొచ్చేదాకా ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు.

జీతాన్ని రూపాయల్లోకి మార్చుకుని సంబరపడేవాళ్లే ఎక్కువ. అక్కడ పన్ను నెలనెలా కోయరు, ఏడాదికోసారి బిల్లు వస్తుంది. మీ లెక్కకు సుమారు 8 వేల డాలర్లు. నెలకు 700 పక్కన పెట్టకపోతే రెండో ఏడాది అప్పు చేయాల్సిందే. మూడు బెడ్‌రూముల ప్రభుత్వ ఫ్లాట్‌కు అద్దె 3 వేలు దాటుతుంది. రెండేళ్ల లీజు అంటే రెండు నెలల అడ్వాన్సు, మొత్తం అద్దె మీద 0.4 శాతం స్టాంపు డ్యూటీ. నెలకు 3,300 అయితే అది 317 డాలర్లు. లీజులో డిప్లొమాటిక్ క్లాజు లేకుండా సంతకం పెట్టొద్దు. అది ఉంటే ఏడాది తర్వాత ఉద్యోగం పోయినా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు. లేకపోతే మిగిలిన నెలల అద్దెకు మీరే బాధ్యులు. ఆ బ్లాకులో విదేశీయుల కోటా నిండిందేమో కూడా ఓనరు చేత చూపించుకోండి. పాపను సీబీఎస్ఈ స్కూల్లో వేసినా ఏడాదికి పదివేల డాలర్లు దాటుతుంది. ప్రభుత్వ బడికి విదేశీ పిల్లలు రాసే ఏఈఐఎస్ ప్రవేశ పరీక్ష ఉంది కానీ, పాసైనా సీటు ఖాయం కాదు. దాన్ని నమ్ముకుని లెక్కలు వేయొద్దు.

ఇప్పుడు మీ సంగతి. మీరు వెళ్లేది ఉద్యోగి కుటుంబానికిచ్చే డిపెండెంట్ పాస్ మీద. 2021 మే నుంచి ఆ పాస్‌తో ఉద్యోగం చేయడానికి లేదు, విడిగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి. సొంత వ్యాపారానికి అనుమతి పత్రం ఇస్తారు. అయితే సంస్థను అక్కడ రిజిస్టర్ చేసి, స్థానికుణ్ని ఒకరినైనా ఉద్యోగంలో పెట్టుకోవాలి. అతనికి 1,600 డాలర్లకు తగ్గకుండా జీతం, దాని మీద 17 శాతం సీపీఎఫ్ (మన పీఎఫ్ లాంటిది) కలిపితే నెలకు లక్షా పాతికవేల రూపాయల పైమాటే. మీకు మిగిలేది 45 వేలు. ఈ లెక్క తేలదు. నాలుగు పెట్టెల జంపఖానాలు పట్టుకెళ్లి లిటిల్ ఇండియా దీపావళి బజారులో స్టాల్ పెడదామన్న ఆలోచన కూడా వద్దు. అనుమతి లేకుండా అమ్మితే అందరి పాసులకూ ముప్పే. ఇంట్లో కూర్చుని హనుమకొండ ఆర్డర్లు చూసుకోవడం వేరే విషయం. దానికైనా అక్కడి మానవ వనరుల శాఖకు రాసి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకున్నాకే మొదలుపెట్టండి.

వ్యాపారాన్ని మరిది పేరు మీదికి మార్చేద్దాం అనుకుంటారేమో. ప్రొప్రైటర్ మారితే పాన్, జీఎస్టీ, అమ్మకాల ఖాతా అన్నీ కొత్తవే. ఇన్నేళ్లుగా వచ్చిన రేటింగులు, రివ్యూలు పాత ఖాతాతోనే పోతాయి. మీ పేరు మీదే ఉంచి, నమ్మకస్తులకు జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇవ్వండి, జీఎస్టీలో వారిని ఆథరైజ్డ్ సిగ్నేటరీగా చేర్చండి. జీపీఏ ఇక్కడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే ఒక్కపూట పని. ఓటీపీలు వచ్చే సిమ్‌కు రోమింగ్ వేయించండి, వాడకుండా వదిలేస్తే నంబరు పోతుంది. మీరు ఎన్ఆర్ఐ అయ్యాక బ్యాంకు ఖాతాలను ఎన్ఆర్వోగా (ఎన్ఆర్ఐల ఇక్కడి ఆదాయం జమయ్యే ఖాతాగా) మార్పించాలి. టర్నోవరులో 6 లేదా 8 శాతం లాభంగా చూపి రిటర్ను వేసే సదుపాయం నాన్ రెసిడెంట్లకు లేదు. పుస్తకాలు రాయించాలి, సీఏ ఖర్చు పెరుగుతుంది.

నా మాట వింటే మొదటి ఏడాది మీవారు ఒక్కరే ఒక గది అద్దెకు తీసుకుని ఉండాలి. ప్రొబేషన్ గడుస్తుంది, డబ్బూ మిగులుతుంది. మీరూ పాపా ఆ తర్వాత వెళ్లొచ్చు. పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టేటప్పుడు మాత్రం బాబు పేరు ఆలోచించకుండా చేర్చొద్దు. తల్లిదండ్రుల ద్వారా పీఆర్ వచ్చిన అబ్బాయిలు అక్కడ రెండేళ్లు నేషనల్ సర్వీస్ (సైన్యం, పోలీసు వంటి వాటిలో తప్పనిసరి సేవ) చేయాలి, ఎంబీబీఎస్ మధ్యలో అది పెద్ద తలనొప్పి.

ఈ ఖాళీలో కాగితాలు సరిచేయించండి. డిపెండెంట్ పాస్‌కు పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు అడుగుతారు. 12 ఏళ్లలోపు పిల్లలకు తట్టు, డిఫ్తీరియా టీకాల రికార్డు కూడా చూపాలి. జనన ధ్రువపత్రంలో పాప పేరే లేకపోవడం, తండ్రి పేరులో ఒకచోట ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలే. మున్సిపాలిటీలో దిద్దించుకోవడానికి వారాలు పడుతుంది, టికెట్లు కొన్నాక మొదలుపెట్టే పని కాదు.