‘మీకు తెలుసా?’ అని అడిగిన అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘పిల్లల రచయితలు, చిత్రకారులు: మీకు తెలియని నూరు నిజాలు’ అనే వ్రాతప్రతి నాకు అంది పన్నెండు రోజులైంది. మొదటిరోజు పదిహేడో నిజం దగ్గరే మూసేశాను. నూరు నిజాలకు నూట నలభై ఆశ్చర్యార్థకాలు పెట్టావు. ఎర్రపెన్సిలుతో గుర్తు పెడుతూ లెక్కించాను కనుక ఈ సంఖ్యలో పొరపాటు లేదు. నిన్న సాయంత్రం కరెంటు పోయినప్పుడు వేరే పని లేక, కిటికీ దగ్గర కూర్చుని మిగతాది చదివాను. ఎనభై మూడో నిజం దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. కానీ అక్కడికి వెళ్లేముందు పదిహేడోదాని సంగతి తేల్చుకోవాలి.

‘బియాట్రిక్స్ పాటర్ కుందేళ్లను పెంచుకునేది!’ అని రాశావు. పీటర్ రాబిట్ అనే కుందేలు కథ రాసినావిడ కుందేళ్లను పెంచుకుందంటే ఆశ్చర్యపోవడానికి ఏముంది? నేను బడిలో పనిచేసినన్నాళ్లూ పిల్లలు ఇలాంటి వాక్యం రాస్తే పక్కన ‘అయితే?’ అని రాసేవాడిని. నీ నూటిలో తొంభైకి పక్కన ఆ మాటే పడింది.

ఆవిడ చిన్నతనంలో తమ్ముడితో కలిసి, చచ్చిన జంతువులను ఉడకబెట్టి ఎముకలను విడదీసి, వాటి అమరికను బొమ్మలుగా గీసుకునేది. పెద్దయ్యాక పుట్టగొడుగులను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏళ్ల తరబడి చిత్రించింది. వాటి బీజాలు మొలకెత్తే తీరు మీద ఆమె రాసిన పత్రాన్ని 1897లో లండన్ లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతిశాస్త్ర సంఘం ముందు వేరొకరు సమర్పించవలసి వచ్చింది, ఎందుకంటే ఆ సమావేశాలకు ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. ఇప్పుడు కుందేలు పుస్తకం తెరిచి చూడు. నీలం కోటూ బూట్లూ తొడుక్కుని ఉన్నప్పుడు అది మనిషిలా రెండు కాళ్ల మీద నిలబడుతుంది. బూట్లు పోగొట్టుకున్న మరుక్షణం నాలుగు కాళ్ల మీద పరుగు తీస్తుంది. అప్పుడు ఆ నడుము వంపూ, వెనక కాళ్ల కీళ్లూ నిజం కుందేలువే. కోటు లోపల ఎముకలు ఉన్న సంగతి ఆ గీసిన చేతికి ముందే తెలుసు. ఇలా రాస్తే పదిహేడో నిజం పక్కన నా ‘అయితే?’కు చోటుండదు.

ఇంకొకటి కూడా నువ్వు వదిలేశావు. ఆ కథ 1893 సెప్టెంబరు 4న, జబ్బుపడిన ఒక పిల్లవాడికి బొమ్మలు వేసి రాసిన ఉత్తరంగా మొదలైంది. ఆ తర్వాత దాన్ని పుస్తకంగా వేయమంటే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. ఆవిడేమో పిల్లల చేతిలో పట్టేంత చిన్న పుస్తకం, తక్కువ ధరకు దొరకాలని పట్టుబట్టింది. చివరికి 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకుంది. ముఖచిత్రం లోపలి బొమ్మ ఒక్కటే రంగుల్లో, తక్కినవన్నీ నలుపు తెలుపు. రంగులు వేస్తే ఖర్చు, పైగా కుందేలు గోధుమరంగూ ఆకుపచ్చా తప్ప ఇంకేముంటాయని ఆమె వాదన. మరుసటి ఏడాది ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగులుంటేనే వేస్తామంది, వేసింది.

చూశావా, నేను ఎక్కడికి వస్తున్నానో. ప్రెస్సు గుమ్మం తొక్కనివాడు పిల్లల పుస్తకాల గురించి మాట్లాడకూడదన్నది నా మొండిపట్టు. పుస్తకం కొలత, రంగుల సంఖ్య, బొమ్మ అచ్చువేసే లోహపు బ్లాకు ఖర్చు, కాగితం మందం తెలియకుండా ‘ఆయనకు పిల్లులంటే ఇష్టం, ఈయనకు టీ అంటే ఇష్టం’ అని రాస్తే అది ఆదివారం అనుబంధంలో ఖాళీజాగా నింపే బాక్సు ఐటమే అవుతుంది. ఆ బాక్సులు నేనూ ఇరవై ఏళ్లు రాశాను. ‘మూడు వాక్యాలు చాలు మాస్టారూ, చివర్న ఒక ఆశ్చర్యార్థకం మర్చిపోకండి’ అనేవాడు ఒక ఉపసంపాదకుడు. ప్రకటన వస్తే ఆ మూడు వాక్యాల్లో రెండు ఎగిరిపోయేవి, ఆశ్చర్యార్థకం మాత్రం మిగిలేది.

నా పట్టుకు కారణం ఉంది. 1970ల చివర్లో ఒక వారపత్రికకు కుమ్మరి, అతని గాడిద గురించి కథ పంపాను. చిత్రకారుడికి కథ చదివే తీరిక ఇవ్వలేదు, సారాంశం ఎవరో నోటితో చెప్పారట. గాడిద ఉండవలసిన చోట జూలు ఎగరేస్తూ గుర్రం వచ్చింది. తెనాలిలో రైలెక్కి బెజవాడ వెళ్లి అడిగితే, సంపాదకుడు బల్ల మీదున్న జింకు బ్లాకును వేలితో తట్టి, ‘బ్లాకు అయిపోయింది మాస్టారూ, మళ్లీ చేయిస్తే డబ్బు దండగ, అక్షరాలదేముంది, మీ గాడిదనే గుర్రం చేసేశాం’ అన్నాడు. ఆ వారం మా కుమ్మరి గుర్రం మీద కుండలు మోయించాడు. ఆఖరి పేరాలో ఒక్కచోట మార్చడం కంపోజిటరు మరిచిపోయినందువల్ల ఆ గుర్రం ఓండ్ర కూడా పెట్టింది. బడిలో పిల్లలు ఏడాదిపాటు నన్ను చూసి ఓండ్ర పెట్టారు.

అందుకే నీ నలభై రెండో నిజం చదివి నవ్వుకున్నాను. మారిస్ సెండాక్ మొదట అడవి గుర్రాల గురించి పుస్తకం అనుకుని, తనకు గుర్రాలు గీయడం రాదని తెలుసుకుని, వాటి బదులు వింత జీవాలను పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లే బంధువుల ముఖాలు వాటికి వచ్చాయి. 1963లో వచ్చిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ అనే ఆ పుస్తకంలో చెయ్యి చేయలేని పనిని బట్టి కథే మారింది. మా సంపాదకుడు చేసిందీ పైకి అలాగే కనబడుతుంది, కానీ సెండాక్ ముడిని విప్పుకున్నది గీసే బల్ల దగ్గర, మావాడు విప్పుకున్నది ఖర్చుల పద్దులో.

సంపాదకులందరినీ తిట్టినట్టు అనిపించకుండా ఒకరి పేరు చెబుతాను. ఎరిక్ కార్ల్ ఒకరోజు కాగితాల బొత్తికి రంధ్రాలు చేస్తూ కూర్చుని, పుస్తకాలు తొలిచే పురుగు మీద కథ అల్లాడు. ఆయన సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్‌కు ఆ పురుగు నచ్చలేదు, గొంగళిపురుగైతే ఎలా ఉంటుందని అడిగింది. ఆ మాట వినగానే ఆయనకు సీతాకోకచిలుక కనబడింది. కానీ రకరకాల వెడల్పు పేజీలకు రంధ్రాలు వేసి, గిట్టుబాటు ధరకు అచ్చువేసే ప్రెస్సు అమెరికాలో దొరకలేదు. ఆవిడే జపాన్‌లో ముద్రాపకుణ్ణి వెతికి పట్టుకుంది. 1969లో ‘ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’ పుస్తకం వచ్చింది. అలాంటి సంపాదకురాలు ఒక్కరు మన దగ్గర ఉండి ఉంటే నా గాడిద గాడిదగానే ఉండేది.

యాభై మాటలతోనే పుస్తకం రాసే డాక్టర్ స్యూస్ పందెం గురించి నువ్వు రాసింది నిజమే, 1960 నాటి ‘గ్రీన్ ఎగ్స్ అండ్ హ్యామ్’ పుస్తకంలో యాభై మాటలే ఉన్నాయి. కానీ మన భాషలో ఆ పందెం కాస్తే లెక్క ఎలా పెడతావు? ‘పిల్లి, పిల్లికి, పిల్లితో’ ఒక మాటా, మూడు మాటలా? దాని మీద ఒక పేజీ రాయి. బెంగాలీ పిల్లల కవి సుకుమార్ రాయ్ విషయంలో ‘పుస్తకం చూడకుండానే చనిపోయాడు!’ అని ముగించావు. ఆయన 1911లో ముద్రణా విద్య చదవడానికి ఇంగ్లండ్ వెళ్లినవాడు. తండ్రి ఉపేంద్రకిశోర్ కలకత్తాలో ఫొటోలను చుక్కలుగా అచ్చువేసే హాఫ్‌టోన్ బ్లాకుల పద్ధతిని మెరుగుపరిచినవాడు. సుకుమార్ కాలాజ్వరంతో మంచం పట్టి కూడా తన పద్యాల పుస్తకానికి బొమ్మలూ పేజీల అమరికా తానే చూసుకున్నాడు. 1923 సెప్టెంబరు 10న కన్నుమూశాడు, పుస్తకం తొమ్మిది రోజులకు వచ్చింది. అచ్చు పని తెలిసిన మనిషి ఆ పేజీలను పడుకుని సర్దుతున్న దృశ్యం వదిలేసి, ఆశ్చర్యార్థకం పట్టుకున్నావు.

ఇక ఎనభై మూడు. ‘చందమామలో సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు! మా అమ్మమ్మ ఆ పేజీలను దబ్బనంతో కుట్టి, పాత శుభలేఖను అట్టగా పెట్టి, దాని మీద రాకాసిలోయ అని రాసి, కింద రచన అని రాసి ఖాళీ వదిలేసింది!’ ఇది చదివి నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను.

ఆ ఖాళీలో ఉండవలసిన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1952 నుంచి 2006 దాకా ఆయన ఆ పత్రికలోనే పనిచేశాడు. తోకచుక్కతో మొదలుపెట్టి పన్నెండు సీరియళ్లు రాశాడు. ఆ 1952 నుంచే, 1980లో పోయేదాకా, పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు పేరు కూడా సంపాదకుడిగా అందులో కనబడేది కాదు. ఆయన మా తెనాలివాడే, పత్రిక స్థాపకుల్లో ఒకడైన చక్రపాణీ మా తెనాలివాడే, అయినా మా వీధిలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. కానీ ఒక విచిత్రం గమనించు: రచయితకు పేరు లేని ఆ పేజీలోనే బొమ్మ మూలన ‘చిత్రా’ అనే సంతకం ఉండేది. టి.వి. రాఘవన్ సంతకం అది. అక్కడి మరో చిత్రకారుడు శంకర్ బొమ్మకూ సంతకం ఉండేది, వడ్డాది పాపయ్య బొమ్మకు ‘వ.పా.’ ఉండేది. కారణం నా ఊహే అనుకో, కానీ బెజవాడలో బ్లాకు చూసినవాడి ఊహ: బొమ్మలోని సంతకం బొమ్మతోపాటే చెక్కుకుపోతుంది, దాన్ని తీయాలంటే శ్రమ. రచయిత పేరు విడి అక్షరాలు. కూర్చకపోతే ఎవరికీ ఖర్చు లేదు.

ఈ ఒక్కదాన్నీ ఇరవై పేజీలు రాయి. మిగతా తొంభై తొమ్మిదిలో పదో పదకొండో పనికొస్తాయి, వాటిని నేను పెన్సిలుతో గుర్తుపెట్టాను. నీ ఉత్తరంలో ముందుమాట ప్రస్తావన ఉన్న పేరా కాగితం మడతలో నాకు సరిగ్గా కనబడలేదు.

అమ్మమ్మ ఆ పేరు తర్వాతెప్పుడైనా తెలుసుకుని ఖాళీలో రాసిందా, అలాగే వదిలేసిందా, ఏ రంగు సిరాతో రాసిందో కనుక్కుని చెప్పు. ఆ కుట్టిన పుస్తకం మీ ఇంట్లో ఇంకా ఉంటే దాన్ని పోస్టులో పంపవద్దు, నేనే వచ్చి చూస్తాను. నా రాకాసిలోయలో ఒక నెల పేజీలు లేవు. మా తమ్ముడు వాటితో పడవలు చేశాడు.

ఇట్లు,
మాస్టారు
తెనాలి