సింగిల్ స్టెప్ సరిచేయబోతున్న మేనకోడలికి

బుజ్జీ,

నిన్న అక్క ఫోన్ చేసింది. నువ్వు ఆఫీసులో ఏదో పెద్ద పని నెత్తిన వేసుకున్నావట, టైముకి అన్నం కూడా తినడం లేదట. రాత్రి నీ మెసేజ్ చూశాక సంగతి అర్థమైంది. మీ కంపెనీ సొంత కెర్నెల్లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ప్రోగ్రాంని డీబగ్గర్‌తో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చొప్పున, అదే సింగిల్ స్టెప్‌లో, నడిపిస్తుంటే, అది కెర్నెల్ సాయం అడిగే సిస్టమ్ కాల్ దగ్గర ఇరుక్కుపోతోంది. డీబగ్గర్ వదిలేశాక కూడా కొన్ని ప్రోగ్రాంలు సిగ్‌ట్రాప్‌తో, అంటే డీబగ్గర్‌కి వెళ్లాల్సిన సిగ్నల్ తమకే తగిలి, చచ్చిపోతున్నాయి. ఎవరూ ముట్టుకోని ఆ కోడ్‌ని నువ్వు అడిగి మరీ తీసుకున్నావు. చాలా గర్వంగా ఉందమ్మా. భయంగానూ ఉంది. ప్రతి స్టెప్‌కీ ప్రాసెసర్ ఆగినప్పుడు కెర్నెల్లో నడిచే డీబగ్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్లో తప్పు దొర్లితే పాడయ్యేది డీబగ్గర్ ఒక్కటే కాదు, మొత్తం సిస్టమ్ భద్రత.

బగ్‌ని ముందు చిన్న ప్రోగ్రాంతో రప్పించుకో. సీరియల్ లాగ్ ఆన్‌లో ఉంచు. ఒక మార్పుకి ఒక ప్యాచ్. ఇవి నీకు చెప్పనక్కర్లేదు. మెషీన్‌ని సాఫ్ట్‌వేర్లో అనుకరించే క్యూఈఎంయూ గురించి మాత్రం ఒక మాట: డీబగ్గర్ తగిలించుకునే దాని జీడీబీ స్టబ్‌తో స్టెప్ చేసేటప్పుడు మామూలుగా ఇంటరప్ట్‌లనీ టైమర్లనీ అది ఆపేస్తుంది. అక్కడ చక్కగా నడిచిందని నమ్మేయకు, అసలు మెషీన్ మీద చూడు.

ఇక నాకు కోపం తెప్పించిన వాక్యం. "హ్యాండ్లర్లోకి రాగానే టీఎఫ్ తుడిచేస్తే సరిపోతుంది మావయ్యా, ఒక్క లైనే" అని రాశావు. సరిపోదు. టీఎఫ్ అంటే ట్రాప్ ఫ్లాగ్, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ తర్వాత ప్రాసెసర్‌ని ఆపే బిట్. దాన్ని పెట్టింది ఎవరు? డీబగ్గర్ కోసం మీ కెర్నెల్ పెట్టిందా, లేక స్టాక్ అనే తాత్కాలిక మెమరీ నుంచి ఫ్లాగులు తెచ్చే పాప్ఎఫ్‌తో ప్రోగ్రామే తనకు తాను పెట్టుకుందా? తెలుసుకోకుండా తుడిచేయడమంటే, దండెం మీద పక్కింటివాళ్లు ఆరేసుకున్న బట్టలు మనవే అనుకుని తీసేయడమే. లినక్స్ ఈ పని ఎలా చేస్తుందో చూడు. ఫ్లాగ్‌ని తనే బలవంతంగా పెట్టినప్పుడు ఆ సంగతి థ్రెడ్‌లో విడిగా రాసుకుంటుంది. స్టెప్ చేయబోయే ఇన్‌స్ట్రక్షన్ పాప్ఎఫ్, ఐరెట్ (ఇంటరప్ట్ నుంచి వెనక్కి వెళ్లే ఇన్‌స్ట్రక్షన్) లాంటిదైతే ఫ్లాగ్ ప్రోగ్రాందే కావచ్చని జాగ్రత్త పడుతుంది. వదిలేశాక చచ్చిపోతున్న మీ ప్రోగ్రాంల సంగతీ బహుశా ఇక్కడే తేలుతుంది. ఫ్లాగులని స్టాక్‌లో దాచే పుష్ఎఫ్‌ని స్టెప్ చేస్తే మనం పెట్టిన టీఎఫ్ కూడా స్టాక్‌లోకి వెళ్లిపోతుంది. తర్వాతెప్పుడో పాప్ఎఫ్ దాన్ని తిరిగి తెస్తుంది. అప్పటికి డీబగ్గర్ ఉండదు.

సిస్టమ్ కాల్ దగ్గర ఇరుక్కోవడానికి, కెర్నెల్ నుంచి ప్రోగ్రాంకి తిరిగొచ్చే మీ దారి సిస్‌రెట్ (సిస్టమ్ కాల్ నుంచి వెనక్కి వెళ్లే ఇన్‌స్ట్రక్షన్) వాడుతోందేమో చూడు. ఐరెట్‌తో టీఎఫ్ తిరిగొస్తే ఒక ఇన్‌స్ట్రక్షన్ నడిచాకే ట్రాప్ వస్తుంది. సిస్‌రెట్‌తో తిరిగొస్తే వెంటనే వస్తుంది. డీబగ్ ఎక్సెప్షన్ నుంచి ఆ దారిన వెనక్కి వెళ్తే ఎప్పటికీ అదే అడ్రస్ దగ్గర తిరుగుతూ ఉంటావు. టీఎఫ్ ఉంటే ఐరెట్ దారే పట్టించు. ఎక్సెప్షన్ ఎందుకొచ్చిందో చెప్పే డీఆర్6 రిజిస్టర్‌ని చదివాక నువ్వే తుడవాలి, ప్రాసెసర్ తుడవదు. లేకపోతే పాత బిట్ చూసి కొత్త కారణం అనుకుంటావు.

ఇప్పుడు నన్ను రాత్రి నిద్ర పోనివ్వని సంగతి.

1978లో వచ్చిన ఇంటెల్ 8086 ప్రాసెసర్లో స్టాక్ మార్చాలంటే రెండు ఇన్‌స్ట్రక్షన్లు కావాలి: ముందు ఎస్ఎస్ (స్టాక్ సెగ్మెంట్), తర్వాత ఎస్పీ (స్టాక్ పాయింటర్). ఆ రెంటి మధ్య ఇంటరప్ట్ వస్తే సగం మారిన స్టాక్ మీద రాతలు పడతాయి. మొదట్లో వచ్చిన చిప్‌లలో ఈ లోపం నిజంగానే ఉండేది. అందుకని ఎస్ఎస్ లోడ్ చేశాక ఒక్క ఇన్‌స్ట్రక్షన్ అయ్యేదాకా ఇంటరప్ట్‌లు ఆగేలా ఇంటెల్ మార్చింది. డీబగ్ ఎక్సెప్షన్లకూ అదే ఏర్పాటు వచ్చింది. మంచి ఉద్దేశమే. మరి ఆ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ కెర్నెల్లోకి దూకే సిస్‌కాల్ అయితే? ఎస్ఎస్‌ని ఏ మెమరీ నుంచి చదువుతున్నామో దాని మీద, ముట్టుకోగానే డీబగ్ ఎక్సెప్షన్ లేపే హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్ ఉంటే? ఆగిన ఎక్సెప్షన్ కెర్నెల్లో అడుగుపెట్టాక, అక్కడి మొదటి ఇన్‌స్ట్రక్షన్ నడవకముందే వచ్చి పడుతుంది. స్టాక్ పాయింటర్ ఇంకా యూజర్‌ది. కెర్నెల్ తన సొంత డేటా వెతుక్కునే జీఎస్ రిజిస్టర్ కూడా యూజర్‌దే. కానీ ఎక్కడి నుంచి వచ్చామో చెప్పే, సేవ్ అయిన సీఎస్ రిజిస్టర్ చూస్తే కెర్నెల్ నుంచి వచ్చినట్టే ఉంటుంది. హ్యాండ్లర్ దాన్ని నమ్మి జీఎస్ ఈపాటికే మారిపోయిందనుకుంటే, యూజర్ ఇచ్చిన అడ్రస్‌ని తన సొంతదిగా వాడుకుంటుంది.

2018 మేలో ఇది భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2018-8897గా బయటపడింది. విండోస్, లినక్స్, మ్యాక్ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ... ఒకరి కోడ్ ఒకరు చూడకుండా రాసిన వాళ్లు కూడా ఒకే తప్పు చేశారు. విండోస్‌లో మామూలు యూజర్ కెర్నెల్ అధికారం పొందే దారి దొరికింది. లినక్స్‌లో కెర్నెల్‌ని పడేయగలిగాడు. మాన్యువల్‌లో ఆ భాగం స్పష్టంగా లేదన్నది నిజమే. కానీ అంతమంది నిపుణులు, అన్నేళ్లపాటు, "ఈ ఎక్సెప్షన్ ఇక్కడ రాదు" అనుకున్నారు కదా, అదే నన్ను భయపెడుతుంది. నీ ఒక్క లైన్ ప్యాచ్ వెనక కూడా అలాంటి ఊహే ఉంది తల్లీ. హ్యాండ్లర్లో రాసే ప్రతి కండిషన్‌కీ, ఇది ఎక్కడి నుంచి రాగలదో కాగితం మీద రాసుకో. రాదు అనిపించిన చోట మాన్యువల్ తెరువు.

మేం నేర్చుకున్న రోజుల్లో రెండు మెషీన్ల మధ్య నల్ మోడెమ్ అనే సీరియల్ కేబుల్ వేసుకుని కూర్చునేవాళ్లం. కెర్నెల్‌ని డీబగ్ చేసే కేజీడీబీ 2008లో 2.6.26 వెర్షన్‌తో గానీ అసలు లినక్స్‌లో చేరలేదు. అంతకుముందు ప్రతి వెర్షన్‌కీ బయటి ప్యాచ్‌లు అతికించుకోవాల్సిందే. ఆ నిదానం వల్ల నాకు దొరికింది ఒకటే: స్టెప్ కొట్టే ముందు ఏ రిజిస్టర్ ఎలా మారాలో ఊహించి రాసుకునే అలవాటు. నీకు ఆ కేబుల్ అక్కర్లేదు. ఆ అలవాటు మాత్రం చేసుకో. మీ మేనేజర్ శుక్రవారానికల్లా కావాలన్నా సరే, ఈ ఒక్క కోడ్‌కి టైమ్ అడుగు. నోరు తెరిచి అడగడం నీకు చిన్నప్పటి నుంచీ కష్టమే, నాకు తెలుసు.

లినక్స్ సోర్స్‌లో ఎక్స్86 సెల్ఫ్‌టెస్టులు ఉన్నాయి. సింగిల్ స్టెప్ సిస్‌కాల్, మూవ్ ఎస్ఎస్ ట్రాప్ అనే రెండూ చదువు. జీపీఎల్ లైసెన్స్ ఉన్న కోడ్ కాబట్టి అలాగే ఎత్తుకోకు, పరీక్షిస్తున్నది ఏమిటో గ్రహించి సొంతంగా రాయి. 32 బిట్ ప్రోగ్రాంలనూ నడుపు. అవి కెర్నెల్లోకి వెళ్లడానికి వాడే సిస్‌ఎంటర్ టీఎఫ్‌ని తుడవదు, అందుకని ఎక్సెప్షన్ కెర్నెల్ మొదట్లోనే వస్తుంది. మీ హ్యాండ్లర్ దాన్ని చూసి పడిపోకూడదు.

ప్యాచ్ రివ్యూకి పెట్టే ముందు నాకు పంపు. ఆదివారం ఇంటికి వచ్చెయ్, లైను లైనుగా చూద్దాం. మీ అత్త నీకు గుత్తొంకాయ చేస్తానంటోంది. ఈలోగా రాత్రిళ్లు పదింటికల్లా ల్యాప్‌టాప్ మూసి, అక్కకి ఫోన్ చేసి తిన్నానని చెప్పు.

మావయ్య