డాష్‌బోర్డు మీటరు: ముందు మట్టం, తర్వాత లెక్క

ప్రశ్న: యాక్సిలరోమీటర్ (కారు ఎంత చురుగ్గా వేగం అందుకుంటుందో కొలిచే చిన్న పెట్టె) కొని కారు డాష్‌బోర్డు మీద అంటించాను. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి ఒకసారి 11.2 సెకన్లు, ఇంకోసారి 12.9 చూపించింది. కంపెనీ 82 హార్స్‌పవర్ అంటే ఇది 55 అంటోంది. పరికరంలో లోపమా? (కావలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పరికరం కన్నా దాన్ని బిగించిన తీరునే ముందు అనుమానించండి. ఆ పెట్టె వేగాన్ని నేరుగా కొలవదు. ముందుకు తోసే బలాన్ని క్షణక్షణం చదివి, కూడుకుంటూ పోయి వేగం కడుతుంది. పెట్టె కాస్త వాలితే భూమ్యాకర్షణ కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. ఒక్క డిగ్రీ వాలుకు 12 సెకన్లలో గంటకు 7 కిలోమీటర్ల లేని వేగం జమవుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే కారు ముక్కు లేచి వెనక భాగం కుంగుతుంది కదా, 2.4 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న చిన్న కారుకు ముందూ వెనకా కలిపి 4 సెంటీమీటర్ల తేడా వస్తే ఆ డిగ్రీ పూర్తయినట్టే. ఈ మీటర్లు కారును ఉన్నదానికన్నా చురుగ్గా చూపించేది అందుకే.

మన మే ఎండకు డాష్‌బోర్డు కాగి డబుల్ టేపు మెత్తబడుతుంది, పెట్టె జారుతుంది. అద్దానికి పట్టే సక్షన్ కప్పు మేలు. పరీక్షలో ఎంతమంది ఉంటారో అంతమందీ సీట్లలో కూర్చున్నాకే, బయలుదేరే చోటే మీటరు అంకెను సున్నాకు తెచ్చి జీరో చేయండి. పరీక్షకు వాడే రైసు మిల్లు గచ్చు లాంటిది చూపుకు మట్టంగానే ఉంటుంది గానీ వాననీళ్లు పోవడానికి మేస్త్రీ వాటం ఇచ్చి ఉంటాడు. రసమట్టం లేకపోయినా కనిపెట్టవచ్చు: జీరో చేసి, అదే చోట కారును వెనక్కి తిప్పి నిలిపి అంకె చూడండి. వచ్చిన తేడాలో సగం నేల వాటం. రెండు వైపులా పరుగు తీసి సగటు కట్టండి.

ఇక హార్స్‌పవర్. మీరు కొట్టిన బరువు, తాను కొలిచిన త్వరణం, వేగం మూడింటినీ గుణించి మీటరు దాన్ని కడుతుంది. ఖాళీ కారు 980 కిలోలు అనుకుందాం. ఇద్దరు మనుషులు, సామానుతో 1,150. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో త్వరణం 2.5 (అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 2.5 మీటర్ల చొప్పున పెరగడం) ఉంటే అసలు బరువుతో 65 హార్స్‌పవర్ వస్తుంది, 980 కొడితే 55. మీరు కొట్టింది ఖాళీ బరువేనేమో చూడండి. మిగతా తేడా తప్పు కాదు. కంపెనీ అంకె ఇంజన్ దగ్గరిది, మీది గేర్‌బాక్సు, టైర్లు, ఎదురుగాలి తినగా మిగిలింది.

హైవే మీద మాత్రం వద్దు. రోడ్డు మీద వేగ పరీక్షలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. సొంత స్థలంలో రెండో గేరులో 20 నుంచి 60 వరకు లాగి చూడండి, 50 మీటర్లలో అయిపోతుంది. ఆపడానికి అంతకు రెట్టింపు ఖాళీ ఉంచుకోండి.

ప్రశ్న: ఎయిర్ ఫిల్టర్ మార్చాక ఇలాంటి మీటరులో వేగం అందుకునే సమయం 0.3 సెకన్లు తగ్గింది. నిజమేనా? (ఒంగోలు)

జవాబు: పాతది మధ్యాహ్నం, కొత్తది తెల్లవారుజామున కొలిచి ఉంటే నమ్మకండి. సుమారు 3 డిగ్రీల వేడికి గాలి సాంద్రత ఒక శాతం తగ్గుతుంది, టర్బో లేని ఇంజన్‌కు ఆ మేరకు బలం పడిపోతుంది. ఒకే పూట, ఏసీ ఆపి, ఒక్కో ఫిల్టర్‌తో మూడేసి సార్లు కొలవండి. ఒకే ఫిల్టర్‌తోనే 0.3 అటూ ఇటూ వస్తుంటే ఆ లాభం ఫిల్టర్‌ది కాదు.